ఆండ్రాయిడ్‌లో యాప్‌లు ఒకదానితో ఒకటి ఎలా పనిచేయించుకుంటాయి, ఎక్కడ తెగిపోతాయి

మీ ప్రశ్నలో మూడు సమస్యలున్నాయి. రసీదులు దాచుకునే యాప్ రాస్తున్నారు. ఫోటో తీయడానికి ఫోన్‌లో ఉన్న కెమెరా యాప్‌ను పిలుస్తున్నారు, తయారైన పీడీఎఫ్‌ను వేరే యాప్‌లకు అందిస్తున్నారు, మీ వెబ్‌సైట్ లింకు నొక్కితే మీ యాప్ తెరుచుకోవాలంటున్నారు. పాత ఫోన్‌లో అన్నీ నడిచాయి. కొత్త ఫోన్‌లో కెమెరా ఉండగానే "కెమెరా యాప్ లేదు" అని వస్తోంది, పీడీఎఫ్ కొన్నింట్లో తెరుచుకుని కొన్నింట్లో తెరుచుకోవట్లేదు, లింకు తిన్నగా బ్రౌజర్‌కి పోతోంది.

ఇవి మూడు వేర్వేరు బగ్‌లలా కనిపిస్తున్నా మూలం ఒక్కటే. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ కూడా ఇంకో యాప్‌ను నేరుగా ముట్టుకోదు. ప్రతి పనీ సిస్టమ్ చేతుల మీదుగా జరుగుతుంది. ఫలానా పని కావాలి, ఫలానా డేటా మీద కావాలి, ఆ డేటా చదివే హక్కు అవతలివాళ్లకు ఇస్తున్నాను అని మూడు సంగతులూ మీరు సిస్టమ్‌కు విడమరిచి చెప్పాలి. పాత వెర్షన్లు చెప్పనివి కూడా ఊహించుకుని సర్దుకుపోయేవి. వెర్షన్ వెర్షన్‌కూ ఆ సర్దుబాటు తగ్గుతూ వచ్చింది. మీ కోడ్ మారకపోయినా పని ఆగిపోయింది అందుకే.

ముందు గోడల సంగతి చూద్దాం. యాప్ ఇన్‌స్టాల్ అయినప్పుడు ఆండ్రాయిడ్‌కు పునాది అయిన లైనక్స్‌లో దానికంటూ ఒక యూజర్ ఐడీ వస్తుంది. మామూలు యాప్‌లకు ఈ నంబర్లు 10000 నుంచి మొదలవుతాయి. లైనక్స్ దృష్టిలో మీ యాప్, కెమెరా యాప్ ఒకే కంప్యూటర్ మీద పనిచేసే ఇద్దరు వేర్వేరు మనుషులు. ఒకరి ఫోల్డర్‌లోకి ఇంకొకరు తొంగిచూడలేరు, ఒకరి మెమరీని ఇంకొకరు చదవలేరు. ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఎస్ఈలైనక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చింది కాబట్టి ఫైల్ పర్మిషన్లు పొరపాటున తెరిచి పెట్టినా రెండో కాపలా ఉంటుంది.

ఈ గోడల మధ్య ఉన్న ప్రధానమైన అధికారిక దారి బైండర్. ఇది లైనక్స్ కెర్నెల్‌లోని, అంటే సిస్టమ్ గుండెకాయలోని డ్రైవర్. ఒక ప్రాసెస్ (నడుస్తున్న యాప్) నుంచి ఇంకో ప్రాసెస్‌లోని ఫంక్షన్‌ను పిలవడానికి పనికొస్తుంది. ఇక్కడ రెండు విషయాలు గట్టిగా పట్టుకోండి. ఒకటి, పిలిచింది ఎవరో ఆ కాల్‌తో పాటు కెర్నెలే చెబుతుంది. పంపే యాప్ తన యూజర్ ఐడీని మార్చి చెప్పుకోలేదు. ఆండ్రాయిడ్ పర్మిషన్ల వ్యవస్థ చాలావరకు ఈ నమ్మకం మీదే నిలబడింది. రెండు, బైండర్‌కు ఒక ప్రాసెస్ మొత్తానికి ఉండే బఫర్ సుమారు 1 ఎంబీ. అది కూడా ఆ క్షణంలో నడుస్తున్న కాల్స్ అన్నింటికీ కలిపి. 512×512 పిక్సెళ్ల బొమ్మను పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున లెక్కేస్తే అదొక్కటే 1 ఎంబీ. 4000×3000 ఫోటో అయితే దాదాపు 46 ఎంబీ అవుతుంది. కాబట్టి బొమ్మను బిట్‌మ్యాప్‌గా (పిక్సెళ్లు ఉన్నవి ఉన్నట్టుగా) ఇంటెంట్ ఎక్స్‌ట్రాలో, అంటే వేరే యాప్‌కు వెళ్లే అభ్యర్థనకు జతచేసే అదనపు డేటాలో, పెట్టి పంపాలనుకుంటే ట్రాన్సాక్షన్ టూ లార్జ్ ఎక్సెప్షన్ (డేటా మరీ పెద్దదన్న ఎర్రర్) తప్పదు. చిన్న బొమ్మతో పరీక్షించినప్పుడు నడిచి, అసలు ఫోటోతో కూలిపోయే యాప్‌లలో ఎక్కువ భాగం ఇక్కడే కూలతాయి. పెద్ద డేటాను ఎప్పుడూ పంపకండి, దాని యూఆర్ఐని (చిరునామాను) పంపండి.

బైండర్ పైన కూర్చున్నదే ఇంటెంట్, అంటే ఫలానా పని కావాలని సిస్టమ్‌కు ఇచ్చే అభ్యర్థన. ఇది రెండు రకాలు. ఫలానా ప్యాకేజీలోని (యాప్‌లోని) ఫలానా యాక్టివిటీ (స్క్రీన్) అని పేరు పెట్టి పిలిచేది ఎక్స్‌ప్లిసిట్. పేరు చెప్పకుండా పని మాత్రమే చెప్పేది ఇంప్లిసిట్. "ఈ యూఆర్ఐలో ఉన్నది పీడీఎఫ్, దీన్ని చూపించగలవాళ్లు ఎవరైనా ఉన్నారా" అన్నది ఇంప్లిసిట్ ఇంటెంట్. ఫోన్‌లోని ప్రతి యాప్ తన మేనిఫెస్ట్‌లో (తన వివరాలు ప్రకటించే ఫైల్‌లో) ఇంటెంట్ ఫిల్టర్లు రాసుకుంటుంది: ఈ యాక్షన్, ఈ క్యాటగిరీ, ఈ మైమ్ టైప్ (డేటా రకం) లేదా ఈ స్కీమ్ (యూఆర్ఐ మొదటి భాగం) వస్తే నేను చేస్తాను అని. ప్యాకేజ్ మేనేజర్ రెండింటినీ సరిపోల్చి, ఒక్కరే ఉంటే తెరుస్తుంది, ఎక్కువ మంది ఉంటే వాడేవాళ్లను అడుగుతుంది.

నా దృష్టిలో ఆండ్రాయిడ్‌ను ఓపెన్ సిస్టమ్ అనదగ్గదిగా చేసింది సోర్స్ కోడ్ కంటే కూడా ఈ ఏర్పాటే. పీడీఎఫ్ చూపించే హక్కు ఏ ఒక్క కంపెనీకీ రాసిపెట్టి లేదు. నిన్న పుట్టిన యాప్ అయినా ఒక ఫిల్టర్ రాసుకుంటే, దాని పేరే వినని వందల యాప్‌ల నుంచి పనులు అందుకుంటుంది. పంపేవాళ్లు ఒక్క లైను మార్చనక్కర్లేదు. అందుకే చేయగలిగిన చోటల్లా యాప్ పేరు పెట్టి పిలవకండి. ప్యాకేజీ పేరు కోడ్‌లో రాసేస్తే ఆ యాప్ లేని ఫోన్‌లో మీ బటన్ చచ్చిపోతుంది, వాడేవాళ్ల ఇష్టం కూడా పోతుంది.

ఫిల్టర్ల దగ్గర తరచుగా జరిగే తప్పులు రెండున్నాయి. స్టార్ట్ యాక్టివిటీ అనే ఫంక్షన్‌తో వెళ్లే ఇంప్లిసిట్ ఇంటెంట్‌కు సిస్టమ్ తానే డిఫాల్ట్ క్యాటగిరీని జతచేస్తుంది. మీ ఫిల్టర్‌లో ఆ క్యాటగిరీ లేకపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా మీ యాప్ జాబితాలోకే రాదు. రెండోది పంపేవైపు తప్పు: సెట్ డేటా పిలిస్తే అంతకుముందు పెట్టిన టైప్ చెరిగిపోతుంది, సెట్ టైప్ పిలిస్తే డేటా చెరిగిపోతుంది. రెండూ కావాలంటే సెట్ డేటా అండ్ టైప్ ఒక్కటే దారి. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి దీన్ని కనిపెట్టడానికి పూటలు పట్టేస్తాయి.

ఇప్పుడు మీ కెమెరా. ఇంటెంట్ పంపే ముందు, దాన్ని అందుకునే యాప్ ఉందా అని చెప్పే రిజాల్వ్ యాక్టివిటీ పిలిచి, నల్ (ఖాళీ జవాబు) వస్తే "కెమెరా యాప్ లేదు" అని చూపిస్తున్నారు. ఒకప్పుడు అందరూ నేర్పిన పద్ధతి ఇదే. ఆండ్రాయిడ్ 11 నుంచి, మీ టార్గెట్ ఎస్‌డీకే (ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ నియమాలకు సిద్ధమో యాప్ చెప్పే నంబరు) 30 లేదా అంతకంటే ఎక్కువైతే, ఫోన్‌లో ఏ యాప్‌లున్నాయో మీకు కనిపించదు. ఎవరి దగ్గర ఏ యాప్‌లున్నాయో చూసి మనిషి జబ్బులు, మతం, బ్యాంకు పసిగట్టే యాప్‌లు వచ్చాక ఈ తెర వేయక తప్పలేదు. అడిగితే సిస్టమ్ "లేదు" అంటుంది, కానీ స్టార్ట్ యాక్టివిటీ పిలిస్తే మాత్రం తెరుస్తుంది. అంటే మీ తనిఖీయే మీ ఫీచర్‌ను చంపుతోంది. తనిఖీ తీసేసి, నేరుగా పిలిచి, యాక్టివిటీ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్‌ను పట్టుకోండి. బటన్ చూపించాలా వద్దా అని ముందే తెలుసుకోవడం తప్పనిసరైతే మేనిఫెస్ట్‌లో క్వెరీస్ అనే ట్యాగ్ పెట్టి అందులో ఆ ఇంటెంట్ యాక్షన్‌ను రాయండి, అప్పుడు దానికి సరిపోయే యాప్‌లు మాత్రం కనిపిస్తాయి. క్వెరీ ఆల్ ప్యాకేజెస్ అనే పర్మిషన్ జోలికి వెళ్లకండి. ప్లే స్టోర్ దాన్ని బలమైన కారణం ఉంటే తప్ప ఒప్పుకోదు, మీకు ఆ అవసరమూ లేదు.

కెమెరా దగ్గరే ఇంకో మూడు గోతులున్నాయి. మొదటిది: వేరే కెమెరా యాప్‌తో ఫోటో తీయించుకోవడానికి మీకు కెమెరా పర్మిషన్ అక్కర్లేదు. కానీ మీ మేనిఫెస్ట్‌లో, మీరే కాదు, మీరు వాడే లైబ్రరీ ఏదైనా సరే, కెమెరా పర్మిషన్ ప్రకటించి ఉండి, వాడేవాళ్లు దాన్ని ఇంకా ఇవ్వకపోతే, ఆండ్రాయిడ్ 6.0 నుంచి ఇమేజ్ క్యాప్చర్ ఇంటెంట్ సెక్యూరిటీ ఎక్సెప్షన్‌తో ఆగిపోతుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే లైబ్రరీ ఒకటి చేర్చగానే బాగా నడుస్తున్న ఫోటో బటన్ ఆగిపోవడానికి సాధారణంగా కారణం ఇదే. బిల్డ్ అయ్యాక కలిపిన మేనిఫెస్ట్ తెరిచి చూడండి.

రెండోది: ఫోటో ఎక్కడ పెట్టాలో చెప్పే ఎక్స్‌ట్రా అవుట్‌పుట్‌లో యూఆర్ఐ ఇవ్వకపోతే మీకు తిరిగొచ్చేది చిన్న థంబ్‌నెయిల్ మాత్రమే. రసీదు మీద అంకెలు అందులో చదవలేరు. మూడోది బాధపెట్టేది: కెమెరా యాప్ మెమరీ బాగా తింటుంది కాబట్టి అది పైన ఉండగా సిస్టమ్ మీ ప్రాసెస్‌ను చంపేయవచ్చు. తిరిగొచ్చేసరికి మీ యాక్టివిటీ కొత్తగా పుడుతుంది, ఫోటో ఎక్కడ పెట్టమన్నామో దాచుకున్న వేరియబుల్ ఖాళీగా ఉంటుంది. ఆ యూఆర్ఐని, యాక్టివిటీ మళ్లీ పుట్టినా నిలిచే సేవ్డ్ ఇన్‌స్టెన్స్ స్టేట్‌లో పెట్టండి. యాక్టివిటీ రిజల్ట్ లాంచర్‌ను బటన్ నొక్కినప్పుడు కాకుండా యాక్టివిటీ తయారయ్యేటప్పుడే రిజిస్టర్ చేయండి. అలా చేయకపోతే ఫలితం వచ్చినా అందుకునేవాళ్లు ఉండరు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. టార్గెట్ 30 నుంచి ఇమేజ్ క్యాప్చర్ ఇంటెంట్‌కు ఫోన్‌తో పాటు వచ్చిన కెమెరా యాప్‌లు మాత్రమే స్పందించగలవు. తర్వాత ఇన్‌స్టాల్ చేసుకున్న కెమెరా యాప్ జాబితాలో రాదు. ఫోటోతో పాటు లొకేషన్ దొంగిలించే యాప్‌లను అడ్డుకోవడానికే ఈ నియమం తెచ్చినా, నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. ఎవరైనా ముందుకు రావచ్చు అన్న మూల సూత్రానికి ఇది చిల్లు. మీ యాప్‌లో వాడేవాళ్లు ఫలానా కెమెరా యాప్ కావాలని అడిగితే, దాని ప్యాకేజీ పేరుతో ఎక్స్‌ప్లిసిట్‌గా పిలవడం ఒక్కటే మార్గం. ఇక ఉన్న ఫోటోల్లోంచి ఎంచుకోవడానికైతే ఆండ్రాయిడ్ 13తో వచ్చిన ఫోటో పికర్ వాడండి, స్టోరేజ్ పర్మిషన్ అడగనే అక్కర్లేదు.

పీడీఎఫ్ విషయం దీనికంటే లోతైనది. ఫైల్ పాత్‌ను నేరుగా యూఆర్ఐగా మార్చి పంపే పద్ధతి ఆండ్రాయిడ్ 7.0లో ముగిసింది. టార్గెట్ 24 లేదా అంతకంటే ఎక్కువైతే ఫైల్ యూఆర్ఐ ఎక్స్‌పోజ్డ్ ఎక్సెప్షన్‌తో యాప్ కూలుతుంది. మీకు కూలట్లేదు కాబట్టి మీరు ఇప్పటికే ఫైల్ ప్రొవైడర్ (మీ ఫైళ్లను ఇతర యాప్‌లకు భద్రంగా అందించే భాగం) వాడుతున్నారనుకుంటున్నాను. అయినా సరైన అమరిక ఒకసారి చెప్తాను, సరిచూసుకోండి.

మేనిఫెస్ట్‌లో ఆండ్రాయిడ్‌ఎక్స్ కోర్‌లోని ఫైల్ ప్రొవైడర్‌ను ప్రొవైడర్‌గా ప్రకటించాలి. ఎక్స్‌పోర్టెడ్ ఫాల్స్, గ్రాంట్ యూఆర్ఐ పర్మిషన్స్ ట్రూ. ప్రొవైడర్‌ను గుర్తించే అథారిటీ పేరును చేతితో రాయకుండా అప్లికేషన్ ఐడీ వెనక ఒక తోక తగిలించి తయారు చేయండి. ఎందుకంటే ఒకే అథారిటీ ఉన్న రెండు యాప్‌లు ఒక ఫోన్‌లో ఉండలేవు. డీబగ్ వెర్షన్, రిలీజ్ వెర్షన్ పక్కపక్కన పెట్టబోతే కాన్‌ఫ్లిక్టింగ్ ప్రొవైడర్ అని ఇన్‌స్టాలే ఆగిపోతుంది. తర్వాత ఎక్స్ఎమ్ఎల్ ఫైల్‌లో ఏ ఫోల్డర్ పంచుకోవచ్చో రాయాలి. పీడీఎఫ్‌లు క్యాష్‌లో తయారవుతుంటే క్యాష్ పాత్ కింద "రసీదులు" లాంటి ఒక్క ఉపఫోల్డర్ మాత్రమే ఇవ్వండి. పని సులువని మొత్తం రూట్ ఇచ్చేసేవాళ్లున్నారు. అలా ఇస్తే మీ కోడ్‌లో ఎక్కడో ఒక చిన్న లొసుగు చాలు, మీ డేటాబేస్ ఫైల్ కూడా బయటికి పోతుంది. ఆ ఎక్స్ఎమ్ఎల్‌లో లేని ఫోల్డర్‌లోని ఫైల్‌కు యూఆర్ఐ అడిగితే కాన్‌ఫిగర్ చేసిన రూట్ దొరకలేదంటూ ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ వస్తుంది. ఆ సందేశం కనిపిస్తే ఫైల్ ఎక్కడుందో, ఎక్స్ఎమ్ఎల్‌లో ఏం రాశారో పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటర్నల్ ఫైల్స్, క్యాష్, ఎక్స్‌టర్నల్ ఫైల్స్ మూడూ వేర్వేరు ట్యాగులు, ఒకదానికొకటి పనికిరావు.

ఇంతవరకూ సరిగ్గా ఉన్నా, యూఆర్ఐ ఒక్కటీ పంపితే అవతలివాళ్లకు ఏమీ దక్కదు. అది చిరునామా మాత్రమే, హక్కు కాదు. హక్కు ఇవ్వడానికి ఇంటెంట్‌కు గ్రాంట్ రీడ్ యూఆర్ఐ పర్మిషన్ అనే ఫ్లాగ్ పెట్టాలి. అప్పుడు సిస్టమ్ ఆ ఒక్క యూఆర్ఐని చదివే అనుమతిని, ఆ ఇంటెంట్ అందుకున్న యాప్‌కు మాత్రమే, తాత్కాలికంగా ఇస్తుంది.

"కొన్నింట్లో తెరుచుకుంటోంది" అన్న మీ మాటకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. మూడు కారణాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

షేర్ బటన్‌తో పంపినప్పుడు బాగుండి, ఓపెన్ బటన్‌తో తెరిచినప్పుడు ఆగుతోందా? షేర్‌కు వాడే సెండ్ యాక్షన్‌లో స్ట్రీమ్ అనే ఎక్స్‌ట్రాలో పెట్టిన యూఆర్ఐని సిస్టమ్ తానే క్లిప్ డేటాలోకి (ఇంటెంట్‌లో యూఆర్ఐలు పెట్టే ఇంకో చోటు) ఎక్కించి, చదివే ఫ్లాగ్ కూడా తానే తగిలిస్తుంది. వ్యూ యాక్షన్‌లో ఆ సాయం లేదు. ఫ్లాగ్ మర్చిపోయిన కోడ్ షేర్‌లో నడిచి, ఓపెన్‌లో పర్మిషన్ డినయల్‌తో ఆగేది ఈ తేడా వల్లే. సిస్టమ్ సాయాన్ని నమ్ముకోకుండా రెండుచోట్లా ఫ్లాగ్ మీరే పెట్టండి. ఫ్లాగ్ వర్తించేది ఇంటెంట్ డేటాకు, క్లిప్ డేటాకు మాత్రమేనని గుర్తుంచుకోండి. మీరు సొంతంగా పేరు పెట్టిన ఎక్స్‌ట్రాలో యూఆర్ఐ దాచి పంపితే ఫ్లాగ్ ఉన్నా దానికి హక్కు వెళ్లదు.

రెండో కారణం మీ వైపు తొందరపాటు. షేర్ అయిపోయిందని ఆన్ రెజ్యూమ్‌లో (మీ స్క్రీన్ మళ్లీ ముందుకొచ్చినప్పుడు) ఆ తాత్కాలిక పీడీఎఫ్‌ను చెరిపేస్తున్నారా? వచ్చిన వెంటనే చదివేసే యాప్‌లు గెలుస్తాయి, మెయిల్ యాప్‌లా "పంపు" నొక్కాక నిదానంగా ఎక్కించేవి ఓడిపోతాయి. షేర్ షీట్ మూసుకోవడం అంటే అవతలివాళ్లు చదవడం పూర్తయిందని కాదు. ఆ సంగతి మీకు తెలిసే మార్గమే లేదు. కాబట్టి అప్పటికప్పుడు చెరపకండి. యాప్ మొదలైనప్పుడు ఒక రోజు దాటిన పాత ఫైళ్లను ఊడ్చేయండి.

మూడో కారణం అవతలి యాప్‌ది. తాత్కాలిక హక్కు, అందుకున్న యాక్టివిటీ ఉన్న టాస్క్ నడిచినంతసేపే ఉంటుంది. ఆ యాప్ యూఆర్ఐని డేటాబేస్‌లో రాసుకుని గంట తర్వాత బ్యాక్‌గ్రౌండ్‌లో తెరవబోతే హక్కు ఎప్పుడో పోయి ఉంటుంది. కొన్ని యాప్‌లు ఇంకా కంటెంట్ యూఆర్ఐలోంచి ఫైల్ పాత్ లాగాలని చూస్తాయి. అక్కడ పాత్ ఉండదు, కంటెంట్ ప్రొవైడర్ (డేటాను ఇతర యాప్‌లకు అందించే భాగం) డేటాను నెట్ నుంచి కూడా తెచ్చి ఇవ్వవచ్చు. వీటిని మీరు బాగుచేయలేరు, కానీ మీ యాప్ ఫైళ్లు అందుకునే వైపు ఉన్నప్పుడు ఈ తప్పు చేయకండి. యూఆర్ఐ రాగానే కంటెంట్ రిజాల్వర్‌తో ఇన్‌పుట్ స్ట్రీమ్ తెరిచి మీ సొంత ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. చాలాకాలం అవసరమైన ఫైలైతే ఆండ్రాయిడ్ 4.4తో వచ్చిన ఓపెన్ డాక్యుమెంట్ ఇంటెంట్ వాడి, టేక్ పర్సిస్టబుల్ యూఆర్ఐ పర్మిషన్ పిలవండి. ఫోన్ రీస్టార్ట్ అయినా ఆ హక్కు నిలుస్తుంది.

అందుకునే వైపు భద్రత గురించి ఒక హెచ్చరిక. ఫైల్ పేరు డిస్‌ప్లే నేమ్ అనే కాలమ్‌లో వస్తుంది, దాన్ని ఇచ్చేది పంపిన యాప్. ఆ పేరులో రెండు చుక్కలు, గీత పెట్టి పై ఫోల్డర్‌కు ఎక్కే దారి రాసి పంపితే, మీరు దాన్ని అలాగే వాడి కాపీ చేస్తే, మీ సొంత సెట్టింగ్స్ ఫైల్ మీదే రాసుకున్నవాళ్లవుతారు. 2024లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు "డర్టీ స్ట్రీమ్" పేరుతో బయటపెట్టిన లోపం సరిగ్గా ఇదే. ఎంతో మంది వాడే యాప్‌లలో కూడా దొరికింది. కాపీ చేసే ఫైల్‌కు పేరు మీరే పెట్టండి, వచ్చిన పేరును స్క్రీన్ మీద చూపించడానికి మాత్రమే వాడండి. సైజు కాలమ్‌ను కూడా నమ్మకండి, అది ఖాళీగా రావచ్చు.

ఇక లింకు. ఆండ్రాయిడ్ 12కు ముందు హెచ్‌టీటీపీఎస్ లింకుకు ఫిల్టర్ రాసుకున్న యాప్ ఉంటే "దేనితో తెరవాలి" అని అడిగేది. 12 నుంచి ఆ ప్రశ్న లేదు. మీ డొమైన్ మీదేనని నిరూపించుకోకపోతే లింకు నేరుగా బ్రౌజర్‌కే. నిరూపణ ఇలా: మేనిఫెస్ట్‌లోని ఆ ఫిల్టర్‌కు ఆటో వెరిఫై ట్రూ పెట్టాలి, వ్యూ యాక్షన్‌తో పాటు డిఫాల్ట్, బ్రౌజబుల్ క్యాటగిరీలు రెండూ ఉండాలి. మీ వెబ్‌సైట్‌లో వెల్-నోన్ ఫోల్డర్‌లో అసెట్‌లింక్స్ జేసన్ ఫైల్ పెట్టి, అందులో ప్యాకేజీ పేరు, సంతకపు సర్టిఫికెట్ ఎస్‌హెచ్ఏ-256 ఫింగర్‌ప్రింట్ (దాన్ని గుర్తించే కోడ్) రాయాలి.

పది మందిలో ఎనిమిది మంది తట్టుకునేది ఫింగర్‌ప్రింట్ దగ్గర అని లెక్క చెప్పలేను గానీ, నేను ముందుగా చూడమనేది అదే. ప్లే యాప్ సైనింగ్ వాడుతుంటే ఫోన్‌లోకి వెళ్లే యాప్‌కు సంతకం చేసేది గూగుల్ దగ్గరున్న కీ, మీ కంప్యూటర్‌లోని అప్‌లోడ్ కీ కాదు. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీలో ఉన్న ఫింగర్‌ప్రింట్ పెట్టాలి. డీబగ్ బిల్డ్ పరీక్షించాలంటే దాని ఫింగర్‌ప్రింట్ కూడా పక్కన చేర్చండి, ఎన్నైనా ఉండవచ్చు. తర్వాత చూడాల్సింది రీడైరెక్ట్. సర్వర్ ఆ ఫైల్‌ను అడిగితే వేరే చిరునామాకు మళ్లిస్తే వెరిఫికేషన్ ఒప్పుకోదు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ రెండూ ఫిల్టర్‌లో ఉంటే రెండుచోట్లా ఫైల్ నేరుగా దొరకాలి. ఆండ్రాయిడ్ 11, అంతకుముందు ఫోన్లలో ఒక్క హోస్ట్ తప్పినా మొత్తం డొమైన్లు తప్పినట్టే. 12 నుంచి దేనికది విడిగా చూస్తుంది.

ఫలితం తెలుసుకోవడానికి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు కమాండ్లు ఇచ్చే సాధనం) షెల్‌లో పీఎమ్ కమాండ్‌కు గెట్-యాప్-లింక్స్ అని మీ ప్యాకేజీ పేరు ఇవ్వండి. ప్రతి డొమైన్ పక్కనా వెరిఫైడ్ అని ఉండాలి. లేకపోతే లోపం సరిచేసి వెరిఫై-యాప్-లింక్స్‌కు రీ-వెరిఫై ఆప్షన్ ఇచ్చి మళ్లీ నడపండి, కొద్దిసేపు ఆగి చూడండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా ఒక్క ఫోన్‌లోనే రాకపోతే ఆ ఫోన్ సెట్టింగ్స్‌లో మీ యాప్ పేజీ తెరిచి "ఓపెన్ బై డిఫాల్ట్" చూడండి, ఎవరో ఆపేసి ఉండవచ్చు.

ఈ నియమం వల్ల డొమైన్ సొంతం కాని యాప్‌లకు దెబ్బ తగిలింది. యూట్యూబ్ లింకులు తెరిచే న్యూపైప్ లాంటి స్వతంత్ర యాప్‌లు ఆ డొమైన్‌ను ఎప్పటికీ నిరూపించుకోలేవు. వాడేవాళ్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక్కో డొమైన్‌నూ చేతితో చేర్చుకోవాలి. మోసపు యాప్‌లు బ్యాంకు లింకులు లాక్కోకుండా ఆపడం అవసరమే. కానీ ఆ సెట్టింగ్‌ను నాలుగు స్క్రీన్ల లోపల పూడ్చిపెట్టడం అవసరం కాదు.

మీరు అడగకపోయినా, మీ యాప్ రేపు ఇతరులకు సేవ అందించాలనుకుంటే కాంపొనెంట్ ఎక్స్‌పోర్ట్ (యాక్టివిటీ, సర్వీస్ లాంటి యాప్ భాగాలను బయటి యాప్‌లకు తెరవడం) గురించి తెలియాలి. ఆండ్రాయిడ్ 12 టార్గెట్ నుంచి ఇంటెంట్ ఫిల్టర్ ఉన్న ప్రతి కాంపొనెంట్‌కూ ఎక్స్‌పోర్టెడ్ ట్రూనో ఫాల్సో స్పష్టంగా రాయకపోతే యాప్ ఇన్‌స్టాలే అవ్వదు. పెండింగ్ ఇంటెంట్‌కు కూడా ఇమ్యూటబుల్ లేదా మ్యూటబుల్ అని చెప్పి తీరాలి. సందేహముంటే ఇమ్యూటబుల్ పెట్టండి. పెండింగ్ ఇంటెంట్ అంటే మీ పేరు మీద, మీ హక్కులతో పని చేయమని వేరేవాళ్లకు రాసిచ్చిన పత్రం. మ్యూటబుల్‌గా, గమ్యం ఖాళీగా ఇస్తే అందులో వాళ్లకు నచ్చింది నింపుకోవచ్చు. ఆండ్రాయిడ్ 14 టార్గెట్‌లో అలాంటిది తయారు చేయబోతేనే ఎక్సెప్షన్ వస్తుంది.

యాప్‌లు నిజంగా కలిసి పనిచేయడం ఎలా ఉంటుందో చూడాలంటే ఓపెన్ సోర్స్ యాప్‌ల కోడ్ చదవండి. కే-9 మెయిల్‌లో సందేశాలను ఎన్‌క్రిప్ట్ చేసే కోడ్ ఉండదు. ఆ పనికి ఓపెన్‌కీచైన్ అనే వేరే యాప్‌లోని సర్వీస్‌ను (తెర వెనక నడిచే భాగాన్ని) ఏఐడీఎల్ ఇంటర్‌ఫేస్‌తో, అంటే బైండర్ మీద పిలవగల ఫంక్షన్ల ఒప్పందంతో, పిలుస్తుంది. మెయిల్ యాప్ సందేశాన్ని ఇచ్చి డీక్రిప్ట్ చేయమంటుంది. ఓపెన్‌కీచైన్ పిలిచింది ఎవరో బైండర్ నుంచి తెలుసుకుంటుంది. ఆ యాప్‌కు ఇంకా అనుమతి లేకపోయినా, పాస్‌ఫ్రేజ్ అవసరమైనా, ఎర్రర్ ఇవ్వదు. "వాడేవాళ్లతో మాట్లాడాలి" అనే జవాబుతో పాటు ఒక పెండింగ్ ఇంటెంట్ తిరిగిస్తుంది. మెయిల్ యాప్ దాన్ని తెరుస్తుంది, ఓపెన్‌కీచైన్ సొంత స్క్రీన్ వచ్చి అడగాల్సింది అడుగుతుంది, తర్వాత మెయిల్ యాప్ అదే కాల్ మళ్లీ చేస్తుంది. రహస్య కీ ఒక్కసారి కూడా మెయిల్ యాప్ ప్రాసెస్‌లోకి రాదు. సర్వీస్ రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. ఒక్క జాగ్రత్త: ఆండ్రాయిడ్ 5.0 నుంచి సర్వీస్‌ను బైండ్ చేసేటప్పుడు ఇంప్లిసిట్ ఇంటెంట్ పనికిరాదు, ప్యాకేజీ పేరు పెట్టాల్సిందే. ఎవరి సర్వీస్‌కు డేటా ఇస్తున్నామో తెలియకుండా ఇవ్వకూడదు కాబట్టి ఇక్కడ ఆ కట్టుబాటు న్యాయమైనదే.

ఇంకో నమూనా డావ్ఎక్స్5. ఇది మీ సర్వర్‌లోని క్యాలెండర్, కాంటాక్టులను తెచ్చి సిస్టమ్ కంటెంట్ ప్రొవైడర్లలో పెడుతుంది, అంతే. క్యాలెండర్ స్క్రీన్ దానికి లేదు. పర్మిషన్ ఉన్న ఏ క్యాలెండర్ యాప్ అయినా ఆ డేటాను చూపిస్తుంది. రెండు యాప్‌లూ ఒకదాని గురించి ఒకటి తెలుసుకోనే అక్కర్లేదు. అదే చేయాల్సిన పనుల జాబితా దగ్గరికొచ్చేసరికి ఆండ్రాయిడ్‌లో దానికి సిస్టమ్ ప్రొవైడరే లేదు. కాబట్టి డావ్ఎక్స్5 టాస్క్స్ డాట్ ఆర్గ్, ఓపెన్‌టాస్క్స్, జేటీఎక్స్ బోర్డ్ లాంటి కొన్ని యాప్‌ల ప్రొవైడర్లతో విడివిడిగా పనిచేయాల్సి వస్తోంది. సిస్టమ్ ఒప్పందం ఉన్నచోట, లేనిచోట తేడా ఎంతో ఈ ఒక్క యాప్‌లోనే కనిపిస్తుంది.

ఇతర ఓపెన్ సిస్టమ్‌లు కూడా ఇదే దారిలో నడిచాయి. ఉబుంటు టచ్‌లో కంటెంట్ హబ్ ఉంది: ఒక యాప్ ఫోటో కావాలంటుంది, ఇవ్వగలిగిన యాప్‌ను వాడేవాళ్లు ఎంచుకుంటారు. ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌లో వెబ్ యాక్టివిటీస్ ఇదే పని చేసేవి. లైనక్స్ ఫోన్లలో డీ-బస్ (ప్రాసెస్‌ల మధ్య సందేశాలు మోసే వ్యవస్థ) మీద నడిచే పోర్టల్స్ శాండ్‌బాక్స్ యాప్‌కు ఫైల్ ఎంపిక చేసి ఇస్తాయి.

మార్పులన్నీ చేశాక పరీక్ష ఇలా చేయండి. డెవలపర్ ఆప్షన్స్‌లో "డోంట్ కీప్ యాక్టివిటీస్" ఆన్ చేసి ఫోటో తీయండి. ఇది యాక్టివిటీని మాత్రమే చంపుతుంది, ప్రాసెస్‌ను కాదు. కాబట్టి కెమెరా తెరిచి ఉండగా ఏడీబీతో ఏఎమ్ కిల్ కమాండ్ ఇచ్చి మీ ప్రాసెస్‌ను కూడా చంపి, మళ్లీ ఫోటో తిరిగొస్తుందో లేదో చూడండి. పీడీఎఫ్‌ను ఒక వ్యూయర్‌తో తెరిచి, ఒక మెయిల్ యాప్‌లో డ్రాఫ్ట్‌కు జతచేసి, నెట్ ఆపి "పంపు" నొక్కి, కొన్ని నిమిషాల తర్వాత నెట్ ఇచ్చి చూడండి. వ్యూయర్ తెరిచి ఉండగా ఏడీబీతో డంప్‌సిస్ యాక్టివిటీ పర్మిషన్స్ కమాండ్ నడిపితే ఏ యూఆర్ఐ హక్కు ఏ ప్యాకేజీకి ఉందో జాబితా వస్తుంది. మీ పీడీఎఫ్ యూఆర్ఐ అందులో లేకపోతే ఫ్లాగ్ వెళ్లలేదు, ఉండి కూడా తెరుచుకోకపోతే లోపం అవతలి యాప్‌లో ఉంది. అప్పుడు ఆ యాప్ పేరు, వెర్షన్, లాగ్‌క్యాట్‌లో (ఫోన్ లాగ్‌లో) పర్మిషన్ డినయల్ లైను ఉంటే అది కూడా ఇక్కడ రాయండి, చూస్తాను.